ఏ కొలతని భాగించాలి? – కాగితం విమానాల స్కేలు లెక్క

(బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, అక్కడి తెలుగు కుటుంబాల ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం. మాట్లాడిన పెద్దాయన పీణ్య పారిశ్రామికవాడలో టూల్‌రూముల్లో, డ్రాయింగులు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు వద్దులెండి. మిషన్ల మోతలో అరిచి అరిచి పెరిగిన గొంతు నాది, ఈ హాలుకి సరిపోతుంది. ఇవాళ మాట, అసలు విమానాన్ని సరైన వంతుకి తగ్గించి కాగితంతో బొమ్మ చేయడం గురించి.

గుమ్మం దగ్గర తలా ఒక షీటు ఇచ్చారు కదా. దాన్ని మడవకండి, విసనకర్ర చేయకండి. చివర్లో దాంతో పనుంది.

ఆఖరి వరుసలో నీలం చొక్కా బాబూ, నువ్వే. నా చేతిలో ఏముంది? విమానం. ఏ విమానం? గట్టిగా చెప్పు. తేజస్సా? కాదు నాయనా. తేజస్‌కి తోక దగ్గర అడ్డరెక్కలుండవు, దీనికున్నాయి చూడు. ఇది మారుత్, మన బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాల ఫ్యాక్టరీలో చేసిన పాత జెట్ యుద్ధవిమానం. నవ్వకండి, వాడికి అన్యాయం చేయకండి. ఇక్కణ్ణుంచి ఆ గోడ దాకా ఇందాక అడుగులేసి చూశాను, 12 మీటర్లుంటుంది. ఈ బొమ్మ అసలు విమానంలో 72వ వంతు. అంటే 12ని 72తో హెచ్చించండి, 864 మీటర్లు. ఎనిమిది వందల అరవై మీటర్ల దూరంలో నిలబడ్డ విమానం ఎలా కనిపిస్తుందో, వాడికి ఇది అలా కనిపించింది. అంత దూరం నుంచి జెట్టని చెప్పాడంటే కళ్ళు బాగున్నట్టే.

ఇది నేను కనిపెట్టిన ఆట కాదు. 1942లో అమెరికా నౌకాదళం వాళ్ళ బడిపిల్లల్ని 5 లక్షల విమానాల బొమ్మలు చేసిపెట్టమని అడిగింది. అన్నీ 72వ వంతే. ఆకాశంలో వచ్చేది మనవాళ్ళదా, శత్రువుదా అని సిపాయిలు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి. బొమ్మని 35 అడుగుల దూరంలో పెడితే, నిజం విమానం సుమారు అర మైలు దూరంలో ఉన్నట్టు. లెక్క వేసి చూసుకోండి, 35ని 72తో హెచ్చిస్తే 2520 అడుగులు. అర మైలంటే 2640. కొలత ఒక పిసరు తేడా వచ్చినా ఒక విమానం ఇంకో విమానంలా కనబడుతుంది. అక్కడ అది ప్రాణం మీదికొచ్చే తేడా.

మనకి ప్రాణం మీదికి రాదు. మహా అయితే జిగురు వృథా.

సరే, స్కేలు. మన పిల్లలకి స్కేలంటే బద్ద. కంపాసు పెట్టెలో 15 సెంటీమీటర్లది ఉంటుందే, అది. మా పనిలో స్కేలంటే వంతు. అసలుది ఎన్నో వంతుకి తగ్గించాం అని. ఈ రెండూ కలగాపులగమై, పోయినసారి ఒక అబ్బాయి "తాతయ్యా, నా స్కేలు 30 దాకానే ఉంది, 33 స్కేలు ఎక్కడ దొరుకుతుంది" అని అడిగాడు. ఎక్కడా దొరకదు నాయనా, మనమే చేసుకోవాలి.

చేసుకోవడం ఎంత సేపు? మారుత్ పొడవు 15.87 మీటర్లు. రెక్క కొస నుంచి రెక్క కొస వరకు సరిగ్గా 9 మీటర్లు. మిల్లీమీటర్లలోకి మార్చి భాగించడమే. 9000ని 72తో భాగిస్తే 125. 50తో అయితే 180. 33తో అయితే 273కి ఒక వెంట్రుకవాసి తక్కువ. అయిపోయింది. ఐదో క్లాసు లెక్క. దీనికి నేనెందుకు, మీ ఆదివారం ఎందుకు? నలభై ఏళ్ళు డ్రాయింగు బల్ల దగ్గర నిలబడి నేను తెలుసుకున్నది ఒకటే. భాగించడం ఎవరైనా భాగిస్తారు. దేన్ని భాగించాలో, దేన్ని భాగించకూడదో, అదీ పని.

ముందు ఎన్నో వంతు అన్నది తేల్చుకోవాలి. 72 ఎందుకొచ్చిందంటే, ఇంగ్లీషువాడి అడుగులు, అంగుళాల్లోంచి. అసలులో 6 అడుగులు బొమ్మలో 1 అంగుళం. 48 అంటే అడుగుకి పావంగుళం. 144 అంటే 12 అడుగులకి అంగుళం. అడుగుల్లో ఆలోచించేవాడికి అవి నోటి లెక్కలు. మనకెందుకు? కాగితం బొమ్మలవాళ్ళ లోకంలో మాత్రం 33 రాజ్యమేలుతుంది. అది పోలాండు సంగతి. అక్కడ 1957లో కాగితం బొమ్మల పత్రిక ఒకటి మొదలైంది, విమానాలు ఎక్కువగా 33వ వంతులో వేసేవాళ్ళు. ప్లాస్టిక్కు కిట్లు దొరకని చోట కాగితమే దిక్కు. దాంతో దాన్ని అంత పైకి తీసుకెళ్ళారు వాళ్ళు.

మొదటిసారి చేసేవాళ్ళకి నా సలహా 50. ఎందుకంటే రెండు చివర్ల నుంచి చూడాలి. పెద్ద ముక్క ఏ4 షీటులో పట్టాలి, చిన్న ముక్క వేళ్ళకి చిక్కాలి. ఏ4 అంటే 210కి 297. నాలుగంచులా పదేసి మిల్లీమీటర్లు ప్రింటరుకి వదిలేయండి. 33వ వంతులో మారుత్ పొడవు 481 మిల్లీమీటర్లు, ఒళ్ళంతా నాలుగైదు ముక్కలు చేసి అతకాలి. 100వ వంతులో 159, హాయిగా పడుతుంది. కాని అప్పుడు అరవై సెంటీమీటర్ల చక్రం 6 మిల్లీమీటర్ల బిళ్ళవుతుంది. దాన్ని కాగితంతో చుట్టాలంటే కంసాలి వేళ్ళుండాలి. 50లో పొడవు 317, రెండు సగాలుగా చేస్తే పడుతుంది, చక్రం 12. భరించొచ్చు.

ఇక అసలు సంగతి. పుస్తకంలో రాసిన కొలత దేనికి కొలత?

మిగ్-21 తీసుకోండి. 2025 సెప్టెంబరులో మన వాయుసేన దానికి సెలవిచ్చింది కదా, అప్పట్నుంచి పిల్లలంతా అదే చేస్తామంటున్నారు. దాని పొడవు ఒకచోట 14 మీటర్ల చిల్లర ఉంటుంది, ఇంకోచోట 15 మీటర్లు దాటి ఉంటుంది. ఎవరూ అబద్ధం రాయలేదు. దాని ముక్కు ముందు ఒక పొడవాటి కడ్డీ ఉంటుంది, గాలి వేగం కొలిచేది. ఒకడు దాన్ని కలుపుకున్నాడు, ఒకడు వదిలేశాడు. మీరు కడ్డీతో కలిపిన కొలత తీసుకుని, కడ్డీ లేని బొమ్మని అంత పొడవుకి సాగదీశారనుకోండి. విమానం మొత్తం సాగిపోతుంది. ఎక్కడ తప్పిందో తెలియదు, చూస్తే మాత్రం మిగ్‌లా ఉండదు. అందుకే పొడవుని నేను నమ్మను. రెక్కల కొలతతో మొదలుపెడతాను, పొడవుని సాక్షిగా పిలుస్తాను.

సాక్ష్యం ఎలాగంటే... ఆ బోర్డు కాస్త ఇటు తిప్పమ్మా. మారుత్ పొడవుని రెక్కల కొలతతో భాగించండి. 15.87 బై 9. 1.763 వస్తుంది. ఈ అంకెకి మీటర్లూ లేవు, అంగుళాలూ లేవు. బొమ్మ తపాలా బిళ్ళంత ఉన్నా, ఈ గోడంత ఉన్నా అది మారకూడదు. ఇప్పుడు మీ దగ్గర ఎక్కడినుంచో వచ్చిన మూడు వైపుల బొమ్మ ఉంది. ఇల్లు కట్టించినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ప్లానూ ఎలివేషనూ లాంటిదే. అందులో రెక్కలు బద్దతో కొలిస్తే 96 మిల్లీమీటర్లు. అలాగైతే పొడవు 96 ఇంటూ 1.763, అంటే 169 రావాలి. కొలిస్తే 164 వచ్చిందనుకోండి. అప్పుడు రెండే కారణాలు. ఆ గీసినవాడి పొడవూ పుస్తకంలో పొడవూ ఒకటి కాదు. లేదా జిరాక్సు మీద జిరాక్సు తీసి తీసి కాగితం ఒక పక్కకి సాగింది. పాత జిరాక్సుల్లో ఇది మామూలే, నిలువు ఒకలా, అడ్డం ఒకలా. సాగిందో లేదో తేల్చడం సులువు. బొమ్మలో చక్రం వెతకండి. చక్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా ఉందా? గుడ్డులా ఉంటే బొమ్మ సాగినట్టే.

సాగలేదని తేలాక 180ని 96తో భాగించండి, 1.875. జిరాక్సు మిషనులో 187 లేదా 188 శాతం నొక్కితే 50వ వంతు బొమ్మ చేతికొస్తుంది. శాతం నొక్కినంత మాత్రాన నమ్మి ఇంటికి రావద్దు, అక్కడే బద్ద పెట్టి 180 వచ్చిందో లేదో చూసుకుని డబ్బులివ్వండి.

అడుగులూ అంగుళాల దగ్గర ఇంకో గుంట ఉంది. మా మనవడు ఏదో గేమ్‌లో చూసి స్పిట్‌ఫైర్ అనే పాత ఇంగ్లీషు యుద్ధవిమానం కావాలన్నాడు. దాని రెక్కలు 36 అడుగుల 10 అంగుళాలు. అడుగంటే 304.8 మిల్లీమీటర్లు. వాడు కాల్కులేటరులో 36.10 అని కొట్టి 304.8తో హెచ్చించాడు. అడుగుకి 12 అంగుళాలురా, 10 అంగుళాలంటే పాయింట్ పది కాదు, పాయింట్ ఎనిమిది మూడు! సరిగ్గా చేస్తే 11227 మిల్లీమీటర్లు, 33వ వంతుకి 340. వాడి లెక్కలో 333. ఏడు మిల్లీమీటర్లు ఎగిరిపోయాయి. వాడిదేం తప్పు, వాడు పుట్టాక ఇంట్లో అంగుళం మాటెత్తింది టీవీ కొన్నప్పుడే.

ఇక ఫోటోలు. ఇక్కణ్ణుంచి పాత ఎయిర్‌పోర్టు రోడ్డు మీద వెళితే హెచ్‌ఏఎల్ మ్యూజియం ఉంది కదా, 2001లో తెరిచారు. మారుత్ అక్కడుంది. చుట్టూ తిరిగి చూడొచ్చు. టేపు పెట్టి కొలుస్తామంటే కుదరదు, ముట్టుకోనివ్వరు. ఫోన్లో ఫోటో తీసుకుని ఇంటికొచ్చి కొలుద్దామనుకుంటారు. ఆగండి. పెళ్ళిలో గ్రూపు ఫోటో తీస్తే అంచున నిలబడ్డ పిన్నిగారు ఎందుకు రెండింతలు కనిపిస్తారు? విమానానికీ అదే గతి. లెక్క చెబుతాను. మారుత్ పక్కన, దాని ఒంటికి 9 మీటర్ల దూరంలో నిలబడ్డారు. దాని ఒక పక్క రెక్క నాలుగున్నర మీటర్లు మీవైపు చాచుకుని ఉంది. అంటే రెక్క కొస మీకు నాలుగున్నర మీటర్లలోనే ఉంది. ఫోటోలో ఆ కొస, ఒంటితో పోలిస్తే సరిగ్గా రెండింతలు పెద్దగా పడుతుంది. 45 మీటర్ల దూరం పోయి జూమ్ చేసి తీస్తే తేడా 11 శాతానికి తగ్గుతుంది. మ్యూజియంలో 45 మీటర్లు వెనక్కి నడిస్తే ఇంకో విమానానికి తగులుతాం. అందుకని ఫోటోలో ఒకే దూరంలో ఉన్న రెండు వస్తువుల్నే పోల్చుకోండి. ఒళ్ళూ తోకా పోల్చొచ్చు, రెండూ నడిమి గీత మీదే ఉన్నాయి. ఒళ్ళూ రెక్క కొసా పోల్చకూడదు.

మంచినీళ్ళు... థ్యాంక్సమ్మా.

మా నాన్న వడ్రంగి. హిందూపురం పక్క పల్లె మాది. పెంకుటిళ్ళకి వాసాలు కోసేవాడు. గోడకీ గోడకీ మధ్య దూరం కొలిచి వాసం కోస్తే ఏమవుతుంది? చాలదు. వాసం ఏటవాలుగా ఎక్కుతుంది కదా. పైనుంచి చూస్తే కనిపించే పొడవు వేరు, వాసం అసలు పొడవు వేరు. నాన్న పైథాగరస్ పేరు వినలేదు. కాని ఒక్క వాసం కురచగా కోయలేదు.

కాగితం విమానంలో సగం తప్పులు ఈ వాసం తప్పులే. ముక్కు తీసుకుందాం, మీ చేతిలో షీటు అదే. సూటిగా మొన తేలిన ముక్కు, అడుగున 30 మిల్లీమీటర్ల వెడల్పు, పక్కనుంచి చూస్తే 40 పొడవు. శంకువు. దీన్ని విప్పితే విసనకర్ర ఆకారం వస్తుంది. ఆ విసనకర్ర పొడవు ఎంత? 40 అని అందరూ కోస్తారు. 40 కాదు. 40కి 40, 15కి 15 హెచ్చించి కలిపి వర్గమూలం తీస్తే 42.7. అదీ వాసం పొడవు. 40 పెట్టి కోస్తే ముక్కు 37 దగ్గర ఆగిపోతుంది, మూడు మిల్లీమీటర్లు చప్పిడి ముక్కు. ఇక విసనకర్ర ఎంత విచ్చుకోవాలి? 15ని 42.7తో భాగించి 360తో హెచ్చించండి, 126 డిగ్రీల చిల్లర. కోణమానినితో గీసుకోవచ్చు. ఒంటి మధ్య ముక్కలు, ఒక పక్క లావుగా ఒక పక్క సన్నగా ఉండేవి, ఇదే శంకువు తల నరికినట్టు. లెక్క అదే, రెండుసార్లు గీస్తారు.

రెక్కలు పైకెత్తి ఉన్న విమానాలకి కూడా ఇదే. 5 డిగ్రీలు ఎత్తితే 100 మిల్లీమీటర్లకి 0.4 తేడా, వదిలేయొచ్చు. 10 డిగ్రీలైతే ఒకటిన్నర, వదలకూడదు. రెక్క పైభాగం ఉబ్బు వేరే. అడుగు చదునుగా ఉండి పైన 7 మిల్లీమీటర్లు ఉబ్బిన రెక్క, 60 వెడల్పుది అనుకోండి, పై కాగితం 62 దాటి కావాలి. చదును కొలత 60 పెట్టి కోస్తే అంచులు కలవవు. కలపాలని లాగితే రెక్క మెలిపడుతుంది. మెలి పడ్డాక దాన్ని దేవుడు కూడా సరిచేయలేడు, కొత్తది చేసుకోవడమే.

ఇప్పుడు కాగితం మందం. "కాగితానికి మందమేంటి" అంటారు. నేను వాడేది 160 జీఎస్‌ఎం షీటు, అంటే చదరపు మీటరు కాగితం 160 గ్రాములు తూగేది. యాభై షీట్లు పేర్చి బద్దతో కొలవండి, 10 మిల్లీమీటర్లు వస్తే ఒక్కొక్కటి 0.2. పట్టించుకోనక్కర్లేనంత చిన్నదిగానే ఉంది.

ఎడ్లబండి చక్రం గుర్తుందా పెద్దలకి? కొయ్య చక్రం మా నాన్న చేస్తే, దాని చుట్టూ ఇనుప పట్టా కమ్మరి వేసేవాడు. పట్టా పొడవు చక్రం చుట్టుకొలతంత కోస్తే సరిపోదు. ఇనుము వంగేటప్పుడు బయటి పక్క సాగుతుంది, లోపలి పక్క నొక్కుకుంటుంది, మధ్య గీత ఒక్కటే పొడవు మారకుండా ఉంటుంది. కాబట్టి చక్రం వెడల్పుకి పట్టా మందం కలిపి, అప్పుడు 3.14తో హెచ్చించి లెక్క. తర్వాత కాల్చి బిగించడానికి కాస్త తగ్గిస్తాడు, అది వాడి చెయ్యి. కాగితం గొట్టానికి ఇదే తిరగేసి. బయటి కొలత 30 కావాలి. మందం సగం ఈ పక్క, సగం ఆ పక్క పోతే మధ్య గీత 29.8. చుట్టుకొలత 93.6. మామూలుగా వేస్తే 94.2 వచ్చేది. తేడా అర మిల్లీమీటరు పైన.

అర మిల్లీమీటరేగా అనకండి, ఇంకా ఉంది. రెండు గొట్టాలు అతకడానికి లోపల ఒక పట్టీ పెడతాం. అది గొట్టం లోపల దూరాలి, దాని మధ్య గీత 29.4. చుట్టుకొలత 92.4. చూశారా, బయటి ముక్కా లోపలి పట్టీ ఒకే పొడవు కోస్తే, పట్టీ ఒకటింబావు మిల్లీమీటరు ఎక్కువై లోపల ముడత పడుతుంది. ఆ ముడత బయటికి గడ్డలా కనిపిస్తుంది. గొట్టం గుండ్రం నిలబడటానికి పెట్టే అట్ట బిళ్ళ 29.6. ఆ బిళ్ళలకి అట్ట కొనకండి. ఇంట్లో పాత శుభలేఖలుంటాయి కదా. ఈ రోజుల్లో శుభలేఖంత గట్టి అట్ట బజారులో కూడా దొరకడం లేదు. నా మారుత్ కడుపులో ముగ్గురి పెళ్ళిళ్ళున్నాయి. (నవ్వులు)

గుండ్రటి ఒళ్ళయితే ఇంతే. కాని విమానాల ఒళ్ళు చాలాచోట్ల కోడిగుడ్డు కోత, బడి పుస్తకంలో దీర్ఘవృత్తం అంటారే, అది. ఎత్తు 40, వెడల్పు 16 అనుకోండి. చుట్టుకొలత ఎంత? సగటు వెడల్పు 28 తీసుకుని 3.1416తో హెచ్చిస్తాం అంటారు, 88 వస్తుంది. తప్పు. దీనికి కచ్చితమైన చిన్న సూత్రం లేనే లేదు, ఉన్నవన్నీ దగ్గరి లెక్కలే. వాటిల్లో అందమైనది మన పక్కవాడిది. మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా చేసిన రామానుజన్, 1914లో అచ్చయిన వ్యాసంలో ఇచ్చాడు. సగాలు తీసుకోండి, 20, 8. రెండూ కలిపి మూడింతలు చేస్తే 84. అది పక్కన పెట్టండి. 20ని మూడింతలు చేసి 8 కలపండి, 68. 8ని మూడింతలు చేసి 20 కలపండి, 44. 68ని 44తో హెచ్చించి వర్గమూలం తీస్తే 54.7. 84లోంచి తీసేయండి, 29.3. దాన్ని 3.1416తో హెచ్చిస్తే 92. సగటు లెక్కకీ దీనికీ నాలుగు మిల్లీమీటర్లు తేడా! నాలుగు మిల్లీమీటర్లు తక్కువ కోసిన చొక్కా ఎవరికి పడుతుంది? ఫోన్లో కాల్కులేటరుంది, అర నిమిషం పని. లెక్కంటే భయమైనవాళ్ళు బిళ్ళ కోసి, దాని చుట్టూ దారం చుట్టి, దారం కొలుచుకోండి. రామానుజన్ కోప్పడడు.

భాగించకూడనివి కూడా చెప్పాలి. రేకులు అతికిన చోట విమానం మీద సన్నగీతలుంటాయి. అసలులో మిల్లీమీటరు సందు. 50వ వంతులో 0.02. ఏ ప్రింటరూ వేయలేదు. మీరు 0.2 మందాన నల్లగీత గీస్తే, అసలు విమానం మీద పది మిల్లీమీటర్ల నల్ల పట్టీ వేసినట్టు. బొమ్మ మీద ఈగలు వాలినట్టుంటుంది. నేను లేత బూడిద రంగులో గీస్తాను, దూరంనుంచి ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. అసలు రెక్క వెనక అంచు కత్తిలా ఉంటుంది, మనకి రెండు కాగితాలు కలిస్తే 0.4, అసలు లెక్కలో 20 మిల్లీమీటర్లు. లోపలి పక్క గరుకు కాగితంతో రుద్ది పలచన చేసి అతకండి. అంతకుమించి చేయగలిగింది లేదు.

నా మొదటి మారుత్ సంగతి చెప్పి ముగిస్తాను. లెక్కలన్నీ సరిగ్గా చేశాను. ముందు సగం ఇంట్లో ప్రింటు తీశాను. ఇంకు అయిపోయింది. వెనక సగం వీధి చివర కొట్లో తీయించాను. కోశాను, చుట్టాను. రెండు సగాలూ కలవవు. చుట్టూ మూడు మిల్లీమీటర్లు తేడా. జిగురుని తిట్టాను, కత్తెరని తిట్టాను, కళ్ళజోడు తుడుచుకున్నాను. మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, "ఒకటి ఉతికిన గుడ్డ, ఒకటి ఉతకని గుడ్డ" అంది. ఏంటన్నాను. "ఇది కుంచించుకుపోయింది, లెక్క తప్పు కాదు" అంది.

అప్పుడు బద్ద పెట్టాను. నిజమే. కొట్లో అబ్బాయి ఫిట్ టు పేజ్ అని నొక్కాడు. పేజీ అంచులు తెగిపోకూడదని ప్రింటరు మొత్తాన్నీ 97 శాతానికి కుదించింది. 94 మిల్లీమీటర్ల చుట్టుకొలత 91 అయింది. వాడు మంచికే చేశాడు పాపం. అంచులు తెగితే కస్టమరు తిడతాడని. అప్పట్నుంచి నేను గీసే ప్రతి షీటు మూలలో ఒక గీత పెడతాను, సరిగ్గా 100 మిల్లీమీటర్లు. ప్రతి షీటు మీద, మొదటి షీటు మీద మాత్రమే కాదు.

ప్రశ్నలుంటే అడగండి. అమ్మాయ్, నువ్వు.

"తాతయ్యా, ఇది ఎగురుతుందా?"

ఎగరదు తల్లీ. కాని బరువు మాత్రం దాదాపు సరిపోతుంది, అదో వింత. అసలు మారుత్ ఖాళీ బరువు 6 టన్నుల పైచిలుకు. పొడవు 50వ వంతయితే, బరువు 50 ఇంటూ 50 ఇంటూ 50, లక్షా పాతికవేల వంతు. అంటే 50 గ్రాములు. ఏ4 షీటు చదరపు మీటరులో 16వ వంతు, కాబట్టి 160 జీఎస్‌ఎం షీటు సరిగ్గా 10 గ్రాములు. ఐదు షీట్ల విమానం 50 గ్రాములు! కాని ఆ బరువు ఉండాల్సిన చోట లేదు, ముక్కు తేలిక, తోక బరువు. విసిరితే తోక మీద కూర్చుంటుంది. ఎగిరే బొమ్మ కావాలంటే వేరే దారి ఉంది. మారుత్‌ని గీసిన కుర్ట్ ట్యాంక్ అనే జర్మనీ ఆయన బృందం కూడా ముందు బొమ్మే చేసింది తెలుసా? ఇంజను లేదు, కొయ్యతో చేసింది, కాని స్కేలు ఒకటికి ఒకటి. 1959లో ఇక్కడే డకోటా విమానానికి తాడు కట్టి లాగించి ఎగరేశారు. 1961 జూన్ 17న అసలు మారుత్ ఎగిరింది. వాళ్ళు భాగించకుండానే బొమ్మ చేశారు.

ఇంకెవరు? "33కి గీసిన బొమ్మని 50కి మార్చాలంటే ఎంత శాతం?" మంచి ప్రశ్న. 33ని 50తో భాగించండి, 66 శాతం. తలకిందులు చేసి 151 కొట్టకండి, అది పెద్దదవుతుంది. కాని ఒక్కటి, మీరు బొమ్మని కుదించినా కాగితం కుదించుకోదు. దాని మందం 0.2గానే ఉంటుంది. అతుకు పట్టీలు, అట్ట బిళ్ళలు మళ్ళీ లెక్క వేసుకోవాల్సిందే. 66 శాతం జిరాక్సు తీసి నేరుగా కోసినవాళ్ళంతా బిళ్ళ దూరడం లేదని నాకు ఫోన్ చేస్తారు.

సరే, ఇప్పుడు షీట్లు తీయండి. కుడి మూలలో గీత ఉంది. కత్తెర పట్టకముందు కొలవండి. సున్నా దగ్గర్నుంచి కొలవండి బాబూ, బద్ద చివర్నుంచి కాదు. 100 వచ్చినవాళ్ళు కూర్చోండి. రానివాళ్ళు చెయ్యెత్తండి. నీకెంత? 97. నీకు? 97. అక్కడ అయ్యగారికీ 97. ఇంకా? నీలం చొక్కా, నీకు?

"వంద లేదు తాతయ్యా, తొంభై ఏడు."

నాలుగు. నేను కావాలని మీ షీట్లలో కలిపిన కురచవి ఐదు. ఇంకొకరెవరో కొలవకుండా కోసేస్తున్నారు.